గ్రాండ్ కల్లే ఓపిక

పోయిన సెమిస్టర్ మిడ్స్ ముందు రోజు రాత్రి. హాస్టల్ రూమ్‌లో పుస్తకం తెరిచి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. నేను పెట్టుకున్న పాటలు ఎప్పుడో అయిపోయాయి. యూట్యూబ్ తనకి తోచింది వేసుకుంటూ పోతోంది. ఒక పాట దగ్గర నా పెన్ను ఆగింది. భాష తెలీదు. రెండు మూడు గిటార్లు ఉన్నాయి, కానీ ఒక్కటీ పక్కదాన్ని తోసుకుని ముందుకి రావట్లేదు. నాలుగైదు పెద్ద వయసు గొంతులు వంతులవారీగా పాడుతున్నాయి. డ్యాన్స్ పాటే, కానీ ఎవరికీ తొందర లేదు. నేనూ కాస్తో కూస్తో గిటార్ వాయిస్తాను కాబట్టి మొదటిసారి వేళ్ల కోసం విన్నాను. రెండోసారి పాట కోసం విన్నాను. మిడ్ ఎలా రాశానో మాత్రం అడక్కండి.

ఆ బృందం పేరు కెకెలె. 2000లో పారిస్‌లో పుట్టింది. పాపా నోయెల్, సిరాన్ ఎంబెంజా, వూటా మాయీ, న్యిబోమా, బుంబా మాసా, లోకో మాసెంగో. వీళ్లంతా కాంగో సంగీతంలో దశాబ్దాలు గడిపి, రకరకాల బ్యాండ్లు తిరిగి వచ్చిన సీనియర్లు. అప్పటికి పారిస్‌లో కాంగో డ్యాన్స్ మ్యూజిక్ అంటే సుకూస్. డ్రమ్ మెషీన్లు, కీబోర్డులు, పాట మొదలైన దగ్గర్నుంచీ పరుగే పరుగు. ఈ పెద్దవాళ్లు ఆ పరుగు ఆపి, 1950, 60ల నాటి నిదానమైన రుంబాని అకూస్టిక్ గిటార్లతో మళ్లీ పట్టుకున్నారు. కెకెలె అంటే వాళ్ల అడవుల్లో పెరిగే ఒక తీగ. దాని నార పేని తాడు చేస్తారట. పేరు బాగా కుదిరింది.

ఆ తాడు మొదటి కొస ఎవరి చేతిలో ఉందా అని వెతుక్కుంటూ పోతే ఒక మనిషి దగ్గర తేలాను. పేరు జోసెఫ్ కబాసెలే. కాంగోలో ఆయన్ని గ్రాండ్ కల్లే అంటారు, అంటే పెద్ద కల్లే అని. పోయి నలభై ఏళ్లు దాటింది. ఆయన కథ రాయడానికి నాకో సొంత కారణం కూడా ఉంది. అది మధ్యలో వస్తుంది.

కబాసెలే 1930 డిసెంబర్ 16న మతాదిలో పుట్టారు. అప్పుడు ఆ దేశం బెల్జియన్ కాంగో. మతాది కాంగో నది మీద ఓడరేవు. సముద్రం నుంచి వచ్చిన పెద్ద ఓడలు అక్కడే ఆగిపోవాలి, ఎందుకంటే దాని పైన నది అంతా రాళ్లు, జలపాతాలు. అందుకే 1890లలో మతాది నుంచి లియోపోల్డ్‌విల్ దాకా సుమారు 366 కిలోమీటర్ల రైలు మార్గం వేశారు. ఆ పనిలో వేలమంది కూలీలు చనిపోయారు. లియోపోల్డ్‌విల్ అంటే ఇప్పటి కిన్షాసా. బయటి ప్రపంచం నుంచి ఏ వస్తువు రావాలన్నా ఈ రేవులో దిగి, ఆ రైలెక్కి వెళ్లాల్సిందే.

అలా వచ్చిన సామాన్లలో గ్రామఫోన్ రికార్డులు కూడా ఉన్నాయి. 1933 నుంచి హెచ్‌ఎంవీ కంపెనీ జీవీ అనే సిరీస్‌లో క్యూబా పాటల రికార్డులు ఆఫ్రికాకి పంపడం మొదలుపెట్టింది. హెచ్‌ఎంవీ అంటే తెలుసు కదా, గ్రామఫోన్ ముందు కూర్చున్న కుక్క బొమ్మ, మన తాతల కాలం ఇళ్లలో కనిపించేదే. ఆ రికార్డులు కాంగోలో విపరీతంగా నచ్చాయి. నచ్చడానికి కారణం వెతికితే మనసు కలుక్కుమంటుంది. కాంగో తీరం నుంచి బానిసలుగా ఓడలెక్కించిన మనుషుల్లో ఎంతోమంది క్యూబాలో తేలారు. ఒంటి మీద బట్ట కూడా తమది కాని వాళ్లు లయని మాత్రం వెంట తీసుకెళ్లారు. ఆ లయ స్పానిష్ గిటార్‌తో కలిసి రుంబా, సోన్ అయ్యి, రికార్డు ఎక్కి, అదే సముద్రం మీద వెనక్కి వచ్చింది. వినగానే మనదే అనిపించడంలో వింతేముంది!

కబాసెలే పసితనంలోనే కుటుంబం లియోపోల్డ్‌విల్ చేరింది. పేరున్న కుటుంబం. తర్వాతి రోజుల్లో కార్డినల్ అయిన జోసెఫ్ మలులా ఆ బంధువర్గంలోని వారే. పిల్లాడు చర్చి కోయిర్‌లో పాడాడు. మిషన్ స్కూల్లో చదివాడు. చదువు పూర్తికాలేదు కానీ ఫ్రెంచ్ బాగా వచ్చింది, టైపింగ్ వచ్చింది. ఆఫీసుల్లో టైపు కొట్టే ఉద్యోగాలు చేశాడు. ఆ రోజుల్లో నల్లవాడికి అదే పెద్ద ఉద్యోగం. ఇంట్లోవాళ్లు సంతోషించి ఉంటారు. ఆయన మాత్రం 1950 ప్రాంతంలో టైప్ మిషన్ వదిలి రికార్డింగ్ స్టూడియో వైపు నడిచారు. మనలో ఎంతమందికి ఈ సీన్ తెలిసినట్టే ఉందో చేతులెత్తండి.

ఆయన పాడిన రికార్డు కంపెనీ పేరు ఒపికా. తెలుగువాడిగా చదివినప్పుడు నేను రెండుసార్లు చూసుకున్నాను. లింగాలా భాషలో ఒపికా అంటే గట్టిగా నిలబడు, తట్టుకో అని. మన ఓపికకీ దానికీ చుట్టరికం ఏమీ లేదు, ఉత్త కాకతాళీయం. కానీ అర్థం కూడా ఇంత దగ్గరగా ఉండటం చూశాక, ఈయన కథ మొత్తానికి ఆ మాట నా బుర్రలో అతుక్కుపోయింది.

1953లో ఒపికా నీడలోనే ఆయన సొంత బృందం పెట్టారు. పేరు ఆఫ్రికన్ జాజ్. వాళ్లు వాయించింది జాజ్ కాదు. అప్పట్లో జాజ్ అంటే మోడర్న్ అని లెక్క, అంతే. అందులోకి గిటారిస్టులు వచ్చారు. టీనో బరోజా వచ్చారు. దెషో అనే ఆయన వచ్చారు, వెంట తమ్ముణ్ని తెచ్చారు. ఆ తమ్ముడి వయసు అప్పటికి పద్నాలుగేళ్లు. పేరు నికో కసాందా. ఈ కుర్రాడు ఒకపక్క బ్యాండ్‌లో వాయిస్తూనే టెక్నికల్ చదువు చదివి, 1957లో టెక్నికల్ టీచర్‌గా పాసై బయటికొచ్చాడు. తర్వాత ఆఫ్రికా అంతా అతన్ని డాక్టర్ నికో అని పిలిచింది. గిటార్‌లో డాక్టరేట్ అన్నమాట. మెషీన్లు చదివి గిటార్ పట్టినవాళ్లలో మనమే మొదటివాళ్లం కాదు.

అదే 1953లో బిల్ అలెగ్జాండర్ అనే బెల్జియన్ గిటారిస్టు లియోపోల్డ్‌విల్ వచ్చి ఎలక్ట్రిక్ గిటార్ పరిచయం చేశాడు. అప్పటిదాకా అకూస్టిక్ గిటార్ చప్పుడు పది మంది గుంపుకి వినిపిస్తే గొప్ప. ఆంప్లిఫయర్ వచ్చాక బార్ నిండా జనం ఉన్నా ఒక్కో తీగ విడిగా వినిపిస్తుంది. అందుకే ఆ సంగీతంలో గిటార్ తోడు వాయిద్యంగా మిగిలిపోలేదు. పాట మొదట్లో నిదానంగా చరణాలు పాడతారు. పాడటం అయ్యాక గొంతులు పక్కకి తప్పుకుంటే గిటార్లు ముందుకొస్తాయి. ఆ భాగాన్ని సెబెన్ అంటారు. జనం కాచుకుని కూర్చునేది దానికోసమే. ఒక గిటార్ చిన్న ముక్క పట్టుకుని వదలకుండా తిప్పుతుంటే, రెండోది దాని మధ్య సందుల్లో అల్లుకుపోతుంది. సోలో అంటే ఒక్కడే ఎగిరి దూకడం అనుకునే నాలాంటివాళ్లకి సెబెన్ వింటే బుద్ధి వస్తుంది.

కబాసెలే చేసిన పని ఏమిటంటే వీటన్నిటినీ ఒక చోట కట్టడం. క్యూబా లయ, ఎలక్ట్రిక్ గిటార్, సాక్సోఫోన్, టుంబా డప్పులు, చర్చి కోయిర్‌లో నేర్చుకున్న గొంతుల పొందిక, వాటి పైన ఊరందరికీ అర్థమయ్యే లింగాలా. అప్పటి పాటల్లో అర్థం తెలియకపోయినా స్పానిష్ మాటలు కలిపేసేవాళ్లు, ఫ్యాషన్ అది. ఒక అమ్మాయి కోసం ఆయన పాడిన తొలి హిట్ పేరే పారాఫిఫీ, ఫిఫీ కోసం అని. ఆయన గొంతు మెత్తన, ఉచ్చారణ స్పష్టం, సూటు మడత చెదరదు. నది ఇవతల లియోపోల్డ్‌విల్‌లోనూ, అవతల బ్రాజావిల్‌లోనూ ఆయన హీరో.

1956లో ఎదురుగా ఇంకో బృందం లేచింది, ఓకే జాజ్. అందులో ఫ్రాంకో అనే కుర్ర గిటారిస్టు ఉన్నాడు. కబాసెలేది చదువుకున్నవాళ్ల నాజూకు అనుకుంటే, ఫ్రాంకోది సందు చివర బార్‌లో వినిపించే మోటు మాట. ఊరు రెండు పార్టీలైంది. మన దగ్గర హీరోల ఫ్యాన్స్ ఎలాగో అలాగే అనుకోండి, కటౌట్లు లేవేమో అంతే. తర్వాతి కాంగో సంగీతం మొత్తాన్నీ ఈ రెండు స్కూళ్ల కింద విడగొట్టి చెప్పడం అలవాటైపోయింది.

డబ్బు సంగతి మాత్రం రెండు స్కూళ్లకీ ఒకటే. స్టూడియోలు, లేబుళ్లు బయటినుంచి వచ్చిన వ్యాపారుల చేతుల్లో ఉన్నాయి, ఎక్కువమంది గ్రీకులు. పాటకి ఇంత అని చేతిలో పెడతారు, ఆ తర్వాత ఎన్ని వేల రికార్డులు అమ్ముడైనా పాడినవాడికి దానితో సంబంధం లేదు. ఒపికా మూతపడింది. ఆఫ్రికన్ జాజ్ ఎసెంగో అనే ఇంకో లేబుల్‌కి మారింది. ఎసెంగో అంటే ఆనందం. యజమాని మారాడు, లెక్క మారలేదు.

ఇక 1960. 1959 జనవరిలో లియోపోల్డ్‌విల్‌లో జరిగిన అల్లర్ల తర్వాత బెల్జియం దిగిరాక తప్పలేదు. స్వాతంత్ర్యం ఎప్పుడు, ఎలా అని తేల్చడానికి 1960 జనవరి 20న బ్రస్సెల్స్‌లో రౌండ్ టేబుల్ సమావేశం మొదలైంది. కాంగో నాయకులందరూ వెళ్లారు. తోమాస్ కంజా అనే యువకుడికి ఒక ఆలోచన వచ్చింది. నాయకులతో పాటు పాటగాళ్లు కూడా ఉండాలి, కాంగో అంటే ఏమిటో బెల్జియం వినాలి అని. ఆయన కబాసెలేని పిలిచారు.

ఇక్కడ కబాసెలే చేసిన ఎంపిక చూడండి. తన బృందం నుంచి నికో, దెషో, మరాకాస్ వాయించే రోజర్ ఇజెయిది, డ్రమ్స్ మీద పెటి పియెర్‌ని తీసుకున్నారు. ఎదురు పార్టీ ఓకే జాజ్ నుంచి గాయకుడు విక్కీ లొంగోంబాని, బేస్ కోసం బ్రాజోస్‌ని కలుపుకున్నారు. దేశం మొత్తం ఒక బల్ల దగ్గర కూర్చోబోతుంటే, వాయించేవాళ్లు రెండు బల్లల దగ్గర ఎందుకుండాలి? విదేశంలో కాంగో సంగీతపు మొదటి సూపర్‌గ్రూప్ అదే అని నా లెక్క. 

జనవరి 27న ముహూర్తం తేలింది: జూన్ 30. బ్రస్సెల్స్‌లోని ప్లాజా హోటల్‌లో దిగిన ఈ ఏడుగురూ అప్పటికప్పుడు ఒక పాట కట్టారు, ఇండిపెండెన్స్ చా చా. అందులో ఉపమానాలు లేవు, బరువైన మాటలు లేవు. స్వాతంత్ర్యం దక్కించుకున్నాం అని చెప్పి, తర్వాత పార్టీల పేర్లు, నాయకుల పేర్లు వరసగా పాడతారు. కసావుబు, లుముంబా, చోంబే, కలోంజి, బోలికాంగో. ఎవర్నీ వదల్లేదు. లుముంబా అయితే జైల్లోంచి విడుదలై సమావేశం మధ్యలో వచ్చి చేరారు. బల్ల దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకోని మనుషులు కూడా ఆ పాటలో భుజం భుజం కలిపి నిలబడ్డారు. కింద నికో గిటార్ నవ్వుతూ నడిచిపోతుంటుంది. ఆ పాట రేడియో ఎక్కి, నది దాటి, సరిహద్దులు దాటి, స్వాతంత్ర్యం వస్తున్న ఇతర ఆఫ్రికా దేశాలకీ వెళ్లింది. తమ నాయకుల పేర్లు అందులో లేకపోయినా వాళ్లూ దానికే డ్యాన్స్ చేశారు.

దేశభక్తి గీతం అనగానే మనకి అటెన్షన్‌లో నిలబడటం గుర్తొస్తుంది. వీళ్ల పాటకి నడుం ఊపాలి. ఎనభై ఏళ్ల దోపిడీ, నరికిన చేతులు, కొరడాలు, అన్నీ చూసిన దేశం తన మొదటి మాటగా ఒక చా చా చా ఎంచుకుంది. నాకది తేలిక అనిపించలేదు, ధైర్యం అనిపించింది.

కానీ పాట కట్టినంత సులువుగా దేశం కట్టలేకపోయారు. జూన్ 30న జెండా ఎగిరింది. వారం తిరక్కుండా సైన్యం తిరగబడింది. జూలై 11న చోంబే కటాంగా వేరే దేశం అన్నారు. ఆగస్టులో కలోంజి దక్షిణ కసాయి విడిపోయింది అన్నారు. సెప్టెంబర్‌లో ప్రెసిడెంట్ కసావుబు ప్రధాని లుముంబాని తీసేశారు. 1961 జనవరి 17న లుముంబాని కటాంగాలో చంపేశారు. పాట పుట్టి అప్పటికి ఇంకా సంవత్సరం కూడా నిండలేదు. ఒకే చరణంలో నిలబడ్డ పేర్లు ఒకదాన్నొకటి మింగేశాయి. ఈ తేదీలు తెలిశాక ఆ పాట మళ్లీ వినండి. ఒక్క స్వరం మారలేదు, కానీ వేరే పాట.

దేశం ఇలా ఉండగా కబాసెలే ఒక పని చేశారు. బ్రస్సెల్స్ ప్రయాణంలో ఏర్పడ్డ పరిచయాలతో 1960లోనే సొంత లేబుల్ మొదలుపెట్టారు. పేరు సుర్బూమ్ ఆఫ్రికన్ జాజ్. కాంగో సంగీతకారుడు యజమానిగా ఉన్న మొదటి లేబుల్ అది. పాటకి ఇంత అని చేతిలో పెట్టించుకునే స్థితి నుంచి, పాట మనది, రికార్డూ మనది అనే స్థితికి రావడం. నా దృష్టిలో ఇండిపెండెన్స్ చా చా కంటే అసలైన ఇండిపెండెన్స్ ఇదే. అంతేకాదు, ఆ లేబుల్ మీద పోటీదారు ఓకే జాజ్ రికార్డులు కూడా వచ్చాయి. ఫ్రాంకో పాటలు ముద్రించి ఊరికి పంచింది కబాసెలే కంపెనీ! 

బ్రస్సెల్స్‌లోనే ఆయనకి ఒక కామెరూన్ కుర్రాడు తగిలాడు. నైట్ క్లబ్‌లో సాక్సోఫోన్, పియానో వాయించుకుంటున్నాడు. మాను దిబాంగో. కబాసెలే అతన్ని రికార్డింగులకి పిలిచి, 1961లో లియోపోల్డ్‌విల్‌కి కూడా తీసుకెళ్లారు. ఆ కుర్రాడే 1972లో సోల్ మకోసాతో ప్రపంచాన్ని ఊపాడు. అంతకు ముందే, 1959లో, రొషెరో అనే ఇంకో కుర్ర గాయకుణ్ని ఆఫ్రికన్ జాజ్‌లో పెట్టుకున్నారు. తర్వాత టాబు లే రొషెరోగా పారిస్ ఒలింపియా వేదిక ఎక్కింది అతనే. మనుషుల్ని ఏరడంలో కబాసెలే చెవి అలాంటిది.

1963లో ఆ ఏరినవాళ్లందరూ వెళ్లిపోయారు.

నికో, దెషో, రొషెరో, ఇజెయిది. గొడవ డబ్బు దగ్గర, పేరు దగ్గర. ఆఫ్రికన్ జాజ్ అంటే జనానికి కల్లే. వాయించేది, పాడేది, కొత్త పాటలు రాసేది వీళ్లు. వాళ్ల వైపు న్యాయం లేదని నేననను. గ్రీకు వ్యాపారి పాటకి ఇంతే ఇస్తున్నాడని బాధపడ్డ మనిషి, తను యజమాని అయ్యాక తన వాళ్లకి చాలినంత ఇచ్చారా అంటే, వాళ్లకి అలా అనిపించలేదు. వెళ్లి ఆఫ్రికన్ ఫియెస్టా అనే బృందం పెట్టారు. పేరులో సగం పాతదే ఉంచుకున్నారు. కబాసెలే చేతిలో ఆఫ్రికన్ జాజ్ అనే పేరు మిగిలింది, ఆఫ్రికన్ జాజ్ మిగల్లేదు.

నా సొంత కారణం ఇక్కడే ఉంది. సెకండియర్‌లో మా హాస్టల్ బ్యాండ్‌ని కట్టింది ఒక సీనియర్ అన్న. ఆంప్లిఫయర్ ఆయన ట్యూషన్ డబ్బుతో కొన్నదే. నాకు బారే కార్డ్ పట్టడం నేర్పింది ఆయనే. ఫెస్ట్‌కి నెల ముందు మేం నలుగురం విడిపోయి సొంత బ్యాండ్ పెట్టుకున్నాం. మా కారణాలు మాకున్నాయి. స్టేజి మీద ఎప్పుడూ ఆయనే మధ్యలో, పోస్టర్ మీద ఆయన పేరే ముందు. మా ప్రోగ్రామ్ రోజు ఆయన వచ్చి ఆంప్ ఇచ్చి, సెట్టింగ్స్ చూసి వెళ్లిపోయారు. ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది. నికో, రొషెరోల గురించి చదువుతున్నప్పుడు నాకు కబాసెలే మీద జాలి కలగడానికి ముందు, వాళ్లిద్దరి పక్కన నేను కనిపించాను.

కబాసెలే ఊరుకోలేదు. మళ్లీ కొత్తవాళ్లని ఏరారు. అందులో పాపా నోయెల్ ఒకరు. పుట్టింది 1940 క్రిస్మస్ రోజున, అందుకే నోయెల్ అని పేరు. నేను మిడ్ ముందు రాత్రి విన్న కెకెలెలో ఉన్న పాపా నోయెల్ ఈయనే! వాయించడం బాగానే సాగింది కానీ పాత ఊపు రాలేదు. ఊళ్లో గాలి ఆఫ్రికన్ ఫియెస్టా వైపు, ఫ్రాంకో వైపు తిరిగింది. 1965 నవంబర్‌లో మొబుటు అధికారం పట్టాడు. లియోపోల్డ్‌విల్ పేరు 1966లో కిన్షాసా అయింది. స్వాతంత్ర్యం పాట పాడిన మనిషి, 1960ల చివరికి పారిస్‌లో ఉన్నారు.

పారిస్‌లో ఆయన కట్టినదే ఆఫ్రికన్ టీమ్. అసలు నేను ఈ వ్యాసం రాయాలనుకున్నది దీని గురించే. అందులో ఎవరెవరున్నారో చూడండి. జాన్ సెర్జ్ ఎస్సూ అనే సాక్సోఫోన్ వాద్యకారుడు: బ్రాజావిల్ మనిషి, ఓకే జాజ్ తొలి సభ్యుల్లో ఒకరు, తర్వాత నది అవతల బాంతూస్ అనే పెద్ద బృందాన్ని పెట్టినవాళ్లలో ఒకరు. మాను దిబాంగో: ఒకప్పుడు కుర్రాడు, ఇప్పుడు పారిస్‌లో నిలదొక్కుకున్న కామెరూన్ సంగీతకారుడు. డాన్ గొన్సాలో: క్యూబా నుంచి వచ్చి పారిస్‌లో ఉంటున్న ఫ్లూటిస్టు. మధ్యలో కబాసెలే గొంతు.

నది ఇటువాళ్లు, అటువాళ్లు, ఇంకో దేశంవాడు, సముద్రం అవతలివాడు. చిన్నప్పుడు జీవీ రికార్డుల్లో విని నేర్చుకున్న సంగీతం తాలూకు అసలు మనిషి, ఒక క్యూబన్, ఇప్పుడు పక్కన నిలబడి కాంగో పాటకి ఫ్లూట్ ఊదుతున్నాడు. ఓడల్లో వెళ్లిన లయ రికార్డుల్లో తిరిగొచ్చింది అన్నాను కదా. ఇక్కడ ఆ రెండు దారులూ పారిస్‌లో ఒక స్టూడియోలో కలుసుకున్నాయి. ఆ రికార్డింగులు వింటే ఓడిపోయిన మనిషి పాడుతున్నట్టు ఉండదు. ఫ్లూట్ పక్షిలా తిరుగుతుంటుంది, సాక్స్ దానికి జవాబిస్తుంది, కబాసెలే వాటి కింద తాపీగా నడుస్తారు. గొంతు ఎత్తరు. చుట్టూ ఉన్నవాళ్లకి చోటిస్తారు. 1963 నేర్పిన పాఠమో, వయసు నేర్పిన పాఠమో నాకు తెలీదు, విన్నదాన్ని బట్టి చెబుతున్నాను.

ఆఫ్రికన్ టీమ్ ఎక్కువ కాలం నిలవలేదు. అందరికీ ఎవరి పని వాళ్లకుంది. 1970ల్లో కబాసెలే తిరిగి కిన్షాసా వెళ్లారు. దేశం పేరు జైర్ అయింది. కుర్రకారు బృందాలు సాక్సోఫోన్లు తీసేసి, గిటార్లు, డ్రమ్స్, అరుపులతో ఊరిని పట్టుకున్నాయి. అప్పుడప్పుడు రికార్డు చేసినా, ఆయన్ని అందరూ గౌరవించడమే తప్ప ఎదురుచూడటం తగ్గిపోయింది. ఆరోగ్యం దెబ్బతింది. 1983 ఫిబ్రవరి 11న పోయారు. వయసు 52 మాత్రమే. పెద్ద కల్లే అనే పేరు ఎప్పుడో ముప్పైలోనే వచ్చేసింది కాబట్టి ముసలాయన అనుకుంటాం, కానీ కాదు. నికో కూడా రెండేళ్లకే, 1985లో పోయారు.

కబాసెలే పోయాక ఒక పాట వచ్చింది. పేరు కబాసెలే ఇన్ మెమోరియం. ఒమోనా వాపీ అనే ఆల్బమ్‌లో ఉంది. అది ఎవరిదనుకుంటున్నారు? టాబు లే రొషెరో, ఫ్రాంకో ఇద్దరూ కలిసి చేసిన ఆల్బమ్. ఒకరు ఆయన్ని వదిలి వెళ్లిన శిష్యుడు, ఇంకొకరు ఆయనకి జీవితాంతం పోటీ. అప్పటికి ఆ ఇద్దరూ ఒకరికొకరు పోటీయే. కాంగో సంగీతంలో ఉత్తర దక్షిణ ధ్రువాలు అనుకోండి. ఆ ఇద్దరినీ ఒక మైకు ముందు నిలబెట్టిన పాటల్లో ఆయన పేరు మీద ఉన్నది ఒకటి. బతికుండగా బ్రస్సెల్స్‌లో చేసిన పనినే, పోయాక కూడా చేశారు.

ఇప్పుడు కెకెలె దగ్గరికి తిరిగొస్తే, అక్కడ వినిపించేది ఒక్క పాత ట్యూన్ కాదని అర్థమవుతుంది. పరాయి ఊళ్లో, వేర్వేరు బృందాల్లో పని చేసి, వేర్వేరు గొడవల్లో విడిపోయిన పెద్దవాళ్లు ఒకచోట కూర్చుని, ఎవరూ ఎవర్నీ తోసుకోకుండా వాయించడం. ఆ పద్ధతి కబాసెలే మూడుసార్లు ప్రయత్నించారు. ఆఫ్రికన్ జాజ్ పదేళ్లు నిలిచింది. బ్రస్సెల్స్ బృందం నెలల మీద ముగిసింది. ఆఫ్రికన్ టీమ్ కొన్నేళ్లు. ఏ కట్టూ శాశ్వతంగా నిలవలేదు, ఆయన కట్టడమూ మానలేదు. ఒపికా అంటే బిగుసుకుని కూర్చోవడం కాదనీ, విడిపోయిన ప్రతిసారీ మళ్లీ ఇంకొకర్ని పిలవడమనీ నేను అర్థం చేసుకున్నాను.

2010లో, స్వాతంత్ర్యానికి యాభై ఏళ్లు నిండినప్పుడు, బలోజీ అనే కాంగో-బెల్జియన్ రాపర్ ఇండిపెండెన్స్ చా చాని మళ్లీ చేశాడు, ఈసారి స్వాతంత్ర్యం తర్వాత రోజు ఏమైందని అడుగుతూ. 2021 డిసెంబర్‌లో కాంగో రుంబాని యునెస్కో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. నదికి రెండు వైపులా ఉన్న రెండు దేశాలూ కలిసి పెట్టుకున్న దరఖాస్తు అది. కబాసెలే ఉండుంటే ఆ విషయానికే ఎక్కువ సంతోషపడేవారేమో.

వినాలనుకునేవాళ్లు మొదట ఇండిపెండెన్స్ చా చా, తర్వాత ఆఫ్రికన్ జాజ్ మొకిలి మొబింబా, ఆ తర్వాత ఆఫ్రికన్ టీమ్, చివర్లో కెకెలె వినండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, గిటార్లు విడివిడిగా తెలుస్తాయి. 

మా సీనియర్ అన్న ఈ మేలో పాసై వెళ్లిపోతున్నారు. ఆంప్ ఇంకా మా రూమ్‌లోనే ఉంది. అది తిరిగిచ్చే వంకతో వెళ్లి, ఫేర్‌వెల్‌కి మాతో కలిసి ఒక పాట వాయిస్తారా అని అడగాలి. రెండు వారాలుగా అనుకుంటున్నాను. ఈ వ్యాసం మీరు చదివేసరికి అడిగేసి ఉండాలి నేను.